కండెన్సింగ్ బాయిలర్: కీలకం తిరిగొచ్చే నీటి దగ్గరే ఉంది

చలిప్రాంతాల ఇళ్లలో గ్యాస్ మండించి నీళ్లు కాచి, వాటిని పైపుల గుండా తిప్పి గదులను వెచ్చబరిచేది బాయిలర్. కండెన్సింగ్ బాయిలర్ అందులో ఒక రకం. దాని అడుగు నుంచి ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టం డ్రెయిన్‌లోకి దిగుతుంది. చలిరోజున బర్నర్ ఆగకుండా గంటసేపు మండుతున్నప్పుడు ఆ గొట్టం చివర చూడాలి. అక్కడ నీళ్లు చుక్కలుగా, ఒక్కోసారి సన్నటి ధారగా కారుతుండాలి. కారకపోతే ఆ బాయిలర్ ఎంత ఖరీదైనదైనా, దాని మీద ఏ లేబుల్ అంటించి ఉన్నా, మామూలు బాయిలర్‌లాగే పనిచేస్తోందన్నమాట. చాలాసార్లు తప్పు బాయిలర్‌ది కాదు. దానికి తగిలించిన పైపులది, పంపులది, వాల్వులది. అంటే డిజైన్‌ది.

ఆ చుక్కలు ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే మిగతా విషయమంతా తేలిక. సహజవాయువులో ముఖ్యభాగం మీథేన్. 1 కిలో మీథేన్ పూర్తిగా మండితే 2.25 కిలోల నీరు పుడుతుంది. మంట వేడికి అది ఆవిరిగానే ఉంటుంది. మామూలు బాయిలర్‌లో ఆ ఆవిరి అలాగే పొగగొట్టం గుండా బయటికి పోతుంది, తనలో దాచుకున్న గుప్తోష్ణాన్ని కూడా పట్టుకుపోతుంది. కిలో మీథేన్‌లో మొత్తం 55.5 మెగాజౌళ్ల శక్తి ఉంటే అందులో సుమారు 5.5 మెగాజౌళ్లు ఈ ఆవిరిలోనే ఉంటాయి. అంటే పదో వంతు. ఆవిరిని బాయిలర్ లోపలే నీరుగా మార్చి ఆ పదో వంతును రాబట్టుకోవడమే కండెన్సింగ్.

కొన్ని బ్రోషర్లలో 108 శాతం సామర్థ్యం అని కనిపించడానికీ కారణం ఇదే. అక్కడ ఆవిరిలోని వేడిని అసలు లెక్కలోకే తీసుకోకుండా ఇంధనం విలువ కడతారు. తర్వాత ఆ వేడి కూడా చేతికి వచ్చేసరికి అంకె నూరు దాటుతుంది. మొత్తం శక్తి మీద లెక్కకడితే ఏ బాయిలరూ నూరు దాటదు. రెండు బాయిలర్లను పోల్చేటప్పుడు రెండు అంకెలూ ఒకే పద్ధతిలో లెక్కకట్టినవేనా అని ముందు చూసుకోవాలి.

ఆవిరి నీరుగా మారాలంటే దానికి చల్లని తలం తగలాలి. సహజవాయువు పొగలోని ఆవిరి సుమారు 55 డిగ్రీల దగ్గర నీరుగా మారడం మొదలవుతుంది. దీన్ని డ్యూ పాయింట్ అంటారు. బర్నర్‌కు గాలి అవసరానికి మించి అందితే పొగలో ఆవిరి పలచబడి డ్యూ పాయింట్ ఇంకా కిందికి దిగుతుంది. అందుకే బర్నర్ ట్యూనింగ్ కూడా ఈ కథలో భాగమే. అయితే అసలు పాత్ర వేరొకటి ఉంది. పొగ బాయిలర్‌ను విడిచిపోయే చోట దానికి ఎదురొచ్చేది ఇల్లంతా తిరిగి వెనక్కి వచ్చిన నీరు, అంటే రిటర్న్. పొగ ఎంత చల్లబడుతుందో ఆ రిటర్నే నిర్ణయిస్తుంది. మొత్తం శక్తి లెక్కన చూస్తే, రిటర్న్ 60 డిగ్రీల్లో ఉన్నప్పుడు సామర్థ్యం సుమారు 87 శాతం దగ్గర ఉంటుంది. 50 డిగ్రీలకు దిగితే 90కి అటూ ఇటుగా, 30 డిగ్రీలకు దిగితే 97 వరకు చేరుతుంది. ఒకే బాయిలర్, ఒకే గ్యాస్, తేడా అంతా తిరిగొచ్చిన నీటిదే. 55 కిందికి దిగగానే స్విచ్ వేసినట్టు పని పూర్తయిపోదు. 54 డిగ్రీల దగ్గర కండెన్సింగ్ పేరుకే ఉంటుంది. కిందికి వెళ్లేకొద్దీ లాభం పెరుగుతూ పోతుంది.

పాత అలవాట్లు దెబ్బతీసేది సరిగ్గా ఇక్కడే. పోత ఇనుము, మామూలు ఉక్కు బాయిలర్ల కాలంలో కండెన్సింగ్ అంటే శత్రువు. ఆ నీటి చుక్కలు ఆమ్లం, వాటి పీహెచ్ సుమారు 3 నుంచి 5 మధ్య ఉంటుంది. ఇనుమును తినేస్తాయి. అందుకే ఆనాటి డిజైనర్లు రిటర్న్ నీటిని కావాలని వేడిగా ఉంచేవారు. బైపాస్ లైన్లు, నాలుగు దారుల మిక్సింగ్ వాల్వులు, బాయిలర్ చుట్టూ తిరిగే చిన్న పంపులు అన్నీ సప్లైలోని, అంటే బాయిలర్ నుంచి ఇంట్లోకి వెళ్లే లైనులోని, వేడినీళ్లను కొంత తెచ్చి రిటర్న్‌లో కలపడానికి పెట్టినవే. ఆ రోజుల్లో అది మంచి ఇంజనీరింగే. ఇప్పటి బాయిలర్లలో పొగ వేడిని నీటికి అందించే హీట్ ఎక్స్చేంజర్‌ను స్టెయిన్‌లెస్ స్టీల్‌తోనో అల్యూమినియం మిశ్రమంతోనో చేస్తారు కాబట్టి ఆ ఆమ్లాన్ని తట్టుకుంటుంది. కానీ పాత బాయిలర్ తీసేసి కొత్తది బిగించేటప్పుడు చుట్టూ ఉన్న పైపింగ్‌ను అలాగే వదిలేయడం మామూలైపోయింది. పాత బాయిలర్‌ను కాపాడిన బైపాస్ కొత్త బాయిలర్‌ను రోజూ పస్తు పెడుతుంది. పాతది మార్చే పని ఏదైనా ముందు ఆ వాల్వులు వెతికి పట్టుకోవడంతోనే మొదలవ్వాలి.

రిటర్న్ చల్లగా రావాలంటే గదుల్లోని రేడియేటర్లు, అంటే వేడినీళ్లు పారే లోహపు పలకలు, తక్కువ వేడి నీటితోనే గదిని వెచ్చగా ఉంచగలగాలి. "మా ఇంట్లో పాత రేడియేటర్లు, 75 డిగ్రీల నీళ్లు లేకపోతే కుదరదు" అనే మాట తరచూ వినిపిస్తుంది. లెక్క చేసి చూస్తే అది అన్నిసార్లూ నిజం కాదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 442 ప్రకారం రేడియేటర్ రేటింగ్‌ను 75 డిగ్రీల సప్లై, 65 రిటర్న్, 20 డిగ్రీల గది దగ్గర ఇస్తారు. అంటే నీటి సగటు ఉష్ణోగ్రత గది కన్నా 50 డిగ్రీలు ఎక్కువ. ఈ తేడా సగానికి, అంటే 25 డిగ్రీలకు తగ్గిస్తే రేడియేటర్ ఇచ్చే వేడి సగం కాదు, సుమారు 41 శాతానికి పడిపోతుంది, ఎందుకంటే వేడి ఆ తేడాకు 1.3 ఘాతంలో మారుతుంది. చూడగానే ఇది నిరాశపరిచే అంకె.

కానీ అదే సూత్రాన్ని తిప్పి చూడాలి. ఒక గదిలో 2000 వాట్ల రేటింగ్ ఉన్న రేడియేటర్ ఉందనుకుందాం. కిటికీలు మార్చి, పైకప్పుకు ఇన్సులేషన్ వేశాక ఆ గదికి అత్యంత చలిరోజున కావలసింది 900 వాట్లే అనుకుందాం. అంటే రేటింగ్‌లో 45 శాతం. దానికి గది కన్నా 27 డిగ్రీలు ఎక్కువ ఉంటే చాలు, నీటి సగటు 47 డిగ్రీలు. సప్లై 55, రిటర్న్ 39 పెట్టుకోవచ్చు. అదీ అత్యంత చలిరోజున. కొత్త రేడియేటర్ కొనక్కర్లేదు. గదుల్లో ఒకటి రెండు మాత్రం ఈ లెక్కకు లొంగవు. అక్కడ మాత్రమే పెద్దవి పెడితే సరిపోతుంది. ఆ ఒక్క మొండి గది కోసం ఇల్లంతటికీ 75 డిగ్రీల నీళ్లు పంపడం ఎంత వృథానో గదివారీ లెక్క వేస్తే గానీ కనిపించదు. నేల కింద పైపులు పరిచే ఫ్లోర్ హీటింగ్‌కు 35 నుంచి 45 డిగ్రీల నీళ్లు చాలు కాబట్టి అక్కడ ఈ తలనొప్పి అసలే లేదు.

అత్యంత చలిరోజులు ఏడాదిలో కొన్నే. మిగతా సీజనంతా అవసరం సగమో అంతకన్నా తక్కువో ఉంటుంది. బయటి చలిని బట్టి సప్లై ఉష్ణోగ్రతను దానంతట అదే మార్చే నియంత్రణ ఉంటే, పాతకాలపు 75/65 డిజైన్ కూడా చాలా రోజులు కండెన్సింగ్‌లోకి దిగుతుంది. సగం లోడ్ రోజున నీటి సగటు 49 డిగ్రీలకు తగ్గించవచ్చు. పంపు అదే ఫ్లో పంపుతుంటే సప్లై 52, రిటర్న్ 47 అవుతాయి. బయటి గోడకు ఒక సెన్సర్, అదీ ఎండ తగలని వైపు, కంట్రోలర్‌లో సరైన హీటింగ్ కర్వ్, అంటే బయట ఎంత చలికి సప్లై ఎంత వేడిగా ఉండాలో చెప్పే గీత, ఉంటే చాలు. చాలా బాయిలర్లలో ఈ సదుపాయం ముందే ఉంటుంది. సెన్సర్ వైరు లాగకపోవడం వల్లో, ఎవరైనా చలిగా ఉందని చెప్పగానే కర్వ్‌ను పైకి జరిపి మళ్లీ దించకపోవడం వల్లో అది పనికిరాకుండా పడి ఉంటుంది. కర్వ్ సెట్ చేయడం ఒక్క రోజులో అయ్యే పని కాదు. కొంచెం కొంచెంగా దించుతూ, ఇంట్లోవాళ్లకు చలి తెలిసేవరకు వెళ్లి, అక్కడి నుంచి ఒక మెట్టు వెనక్కి రావాలి.

ఇక పంపు. నీళ్లు మోసుకెళ్లే వేడికి లెక్క చాలా సులువు: సెకనుకు ఎన్ని లీటర్లో, దాన్ని 4.19తోనూ సప్లై-రిటర్న్ తేడాతోనూ గుణిస్తే కిలోవాట్లు వస్తాయి. ఈ తేడాను డెల్టా టీ అంటారు. 20 కిలోవాట్ల ఇంటికి డెల్టా టీ 20 డిగ్రీలైతే నిమిషానికి 14.3 లీటర్లు చాలు. 10 డిగ్రీలైతే 28.6, 5 డిగ్రీలైతే 57 లీటర్లకు పైనే కావాలి. రేడియేటర్ పట్టించుకునేది నీటి సగటు ఉష్ణోగ్రతనే. సగటు 45 ఉండాలనుకుంటే 55/35 పెట్టినా, 50/40 పెట్టినా, 47.5/42.5 పెట్టినా గదికి చేరే వేడి దాదాపు ఒకటే. బాయిలర్‌కు మాత్రం ఒకటి కాదు. మొదటిదానిలో రిటర్న్ 35, చివరిదానిలో 42.5. పెద్ద పంపు పెడితే భద్రం అనుకునే అలవాటు ఇక్కడ రెండు వైపులా నష్టపెడుతుంది. రిటర్న్ వేడెక్కుతుంది, కరెంటు కాలుతుంది. పైపుల్లో ఘర్షణ ఫ్లోకు దాదాపు వర్గంలో పెరుగుతుంది కాబట్టి అదే పైపులో నాలుగు రెట్లు నీళ్లు పంపాలంటే 16 రెట్లు హెడ్ (పంపు ఇచ్చే ఒత్తిడి, మీటర్లలో చెబుతారు), సుమారు 64 రెట్లు శక్తి కావాలి.

హెడ్ అనగానే భవనం ఎత్తు లెక్కలోకి తెచ్చేయడం మరో పొరపాటు. బోరు నుంచి ట్యాంకుకు నీళ్లెక్కించే పంపుకు ఎత్తు కావాలి. మూసి ఉన్న హీటింగ్ లూపులో అక్కర్లేదు. పైకెక్కే నీటి బరువును కిందికి దిగే నీటి బరువు సరిచేస్తుంది, తక్కెడలో రెండు సమానమైన పళ్లేల్లాగా. పంపు జయించాల్సింది ఘర్షణను మాత్రమే. ఎత్తు అవసరమయ్యేది వేరే చోట: లూపులో నీళ్లు నింపేటప్పుడు. పై అంతస్తు రేడియేటర్‌లో కూడా ఒత్తిడి మిగలాలి కాబట్టి ప్రతి 10 మీటర్లకు సుమారు 1 బార్ చొప్పున, పైన కొంత అదనంగా పెట్టి నింపుతారు. ఈ తేడా తెలిస్తే పంపు ఎంత చిన్నదైనా సరిపోతుందో ఆశ్చర్యమేస్తుంది. పైన చెప్పిన 20 కిలోవాట్ల ఇంట్లో, నిమిషానికి 14.3 లీటర్లు, 3 మీటర్ల హెడ్ దగ్గర నీటికి నిజంగా అందాల్సిన శక్తి 7 వాట్లు. పంపులో పోయే నష్టాలు కలుపుకున్నా మీటరు మీద 20 వాట్ల చుట్టూ వస్తుంది. 20,000 వాట్ల వేడిని ఇల్లంతా తిప్పడానికి ఒక చిన్న బల్బంత కరెంటు!

శాశ్వత అయస్కాంతపు మోటారున్న ఇప్పటి పంపులు వేగాన్ని తామే మార్చుకుంటాయి. వేగం సగమైతే ఫ్లో సగం, హెడ్ నాలుగో వంతు, శక్తి ఎనిమిదో వంతు అవుతుంది. గదుల వాల్వులు ఒక్కొక్కటిగా మూసుకుంటుంటే పంపు కూడా నెమ్మదించాలి. రేడియేటర్లకు గది వేడిని బట్టి వాటంతట అవే మూసుకునే థర్మోస్టాటిక్ వాల్వులున్న చోట, పొడుగాటి పైపులున్న చోట ఫ్లోతో పాటు ఒత్తిడీ తగ్గే ప్రపోర్షనల్ మోడ్ బాగుంటుంది. మ్యానిఫోల్డ్ అనే పంపిణీ గొట్టం నుంచి విడివిడిగా లూపులు పోయే ఫ్లోర్ హీటింగ్‌లో ఒత్తిడిని స్థిరంగా ఉంచే మోడ్ నప్పుతుంది. ఒక జాగ్రత్త ఉంది. ఆ అయస్కాంతం లూపులోని నల్లటి ఇనుప తుప్పు పొడిని తన వైపు లాక్కుంటుంది. రిటర్న్ మీద ఆ పొడిని పట్టుకునే అయస్కాంతపు డర్ట్ సెపరేటర్ పెట్టకుండా పాత పైపులకు ఇలాంటి పంపు బిగించకూడదు.

పంపు ఎక్కడ పెట్టాలన్నది కూడా తేలికగా తీసుకోకూడదు. లూపులో ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ (వేడెక్కి పెరిగిన నీటికి చోటిచ్చేది) కలిసే చోట పంపు నడిచినా ఆగినా ఒత్తిడి మారదు. ట్యాంకు దగ్గర 1.2 బార్ ఉందనీ, పంపు 0.4 బార్ పెంచుతుందనీ అనుకుందాం. పంపు ఆ చోటి నుంచి నీటిని బయటికి తోసేలా ఉంటే పంపు నీటిని తోసే వైపు 1.6 బార్ వస్తుంది, లూపంతా పాజిటివ్‌గా ఉంటుంది. ట్యాంకు వైపుకు తోసేలా పెడితే పెరగాల్సిన ఒత్తిడి పెరగదు. పంపు నీటిని లాగే వైపు 0.8కి పడిపోతుంది. అప్పుడు పైఅంతస్తులో గాలి చేరడం, రేడియేటర్ పైభాగం చల్లగా ఉండిపోవడం, గలగల శబ్దాలు మొదలవుతాయి. గాలి తీసీ తీసీ విసిగిపోయే ఇళ్లలో చాలాసార్లు చూడాల్సింది పంపు మీది బాణం గుర్తు, ట్యాంకు ఎటు ఉందో. గాలిని వేరుచేసే సెపరేటర్‌ను బాయిలర్ సప్లై మీద పెట్టాలి. వేడి నీటిలో గాలి కరిగి ఉండలేదు కాబట్టి అక్కడే అది సులువుగా విడిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ కండెన్సింగ్‌ను మింగేది బాయిలర్ లూపు, ఇంటి లూపు కలిసే చోటే. తక్కువ నీరు పట్టే హీట్ ఎక్స్చేంజర్లకు ఎప్పుడూ కొంత కనీస ఫ్లో ఉండాలి, లేకపోతే నీళ్లు లోపలే మరిగిపోతాయి. అందుకని బాయిలర్‌కు ఒక పంపు, ఇంటికి ఇంకో పంపు పెట్టి, రెంటినీ దగ్గరదగ్గరగా ఉన్న రెండు టీల (మూడు దారుల పైపు జోడింపుల) ద్వారానో, రెండు లూపులను విడదీసే హైడ్రాలిక్ సెపరేటర్ అనే గొట్టం ద్వారానో కలుపుతారు. ఒకరి ఫ్లో ఇంకొకరిని చెడగొట్టదు. ఇది చక్కని ఏర్పాటే. కానీ రెండు ఫ్లోలు సమానం కాకపోతే ఏం జరుగుతుంది?

బాయిలర్ పంపు నిమిషానికి 40 లీటర్లు తిప్పుతోంది, ఇంటి పంపు 20 మాత్రమే తీసుకుంటోంది అనుకుందాం. బాయిలర్ నుంచి 60 డిగ్రీల నీళ్లు వస్తున్నాయి, ఇంటి నుంచి 40 డిగ్రీల చల్లని రిటర్న్ వస్తోంది. రేడియేటర్లు తమ పని తాము చేశాయి. కానీ ఇంటికి వెళ్లని 20 లీటర్ల వేడినీళ్లు సెపరేటర్‌లో నుంచి అడ్డంగా దిగి ఆ రిటర్న్‌లో కలుస్తాయి. బాయిలర్‌కు చేరేది 40 కాదు, 50. ఎంతో జాగ్రత్తగా లెక్కకట్టి పెట్టిన పెద్ద రేడియేటర్లు ఇచ్చిన చల్లదనమంతా ఒక అడుగు పొడుగు పైపులో కరిగిపోయింది. ఇప్పుడు బాయిలర్ ఫ్లో 20కి, ఇంటి ఫ్లో 25కి మార్చి చూడాలి. కలయిక ఇప్పుడూ జరుగుతుంది గానీ అది సప్లై వైపు. ఇంటికి వెళ్లే నీళ్లు కొంచెం చల్లబడతాయి. ఇంటి రిటర్న్ మాత్రం ఏ కల్తీ లేకుండా నేరుగా బాయిలర్‌కు చేరుతుంది. కండెన్సింగ్ కోరుకునేవారికి కలయిక తప్పనిసరైతే అది జరగాల్సింది ఈ వైపే. బాయిలర్ పంపును బాయిలర్ మంటను బట్టి వేగం మార్చుకునేలా ఉంచితే సీజనంతా ఈ దిశ నిలబడుతుంది. ఎక్కువ నీరు పట్టే, ఘర్షణ తక్కువున్న బాయిలర్ దొరికితే రెండో పంపూ వద్దు, సెపరేటరూ వద్దు. ఒకే పంపుతో నేరుగా నడపొచ్చు. వీలున్న చోట ఆ సరళమైన దారే మేలు.

బాయిలర్ సైజు గురించి కూడా ఇదే ధోరణిలో ఆలోచించాలి. పెద్దది కొంటే అది తన కనిష్ఠ మంటను కూడా పెద్దదిగానే ఉంచుతుంది. కనిష్ఠం 6 కిలోవాట్లు, తెరిచి ఉన్న ఒకే ఒక్క గదికి కావలసింది 1.5 కిలోవాట్లు అయితే మిగతా 4.5 ఎటు పోవాలి? నీళ్లు గబగబా వేడెక్కి బర్నర్ ఆగుతుంది, రెండు నిమిషాల్లో మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆగుతుంది. వెలిగిన ప్రతిసారీ ఫ్యాన్ లోపలి వేడిని బయటికి ఊదేస్తుంది. కనీసం 10 నిమిషాలు ఆగకుండా మండాలనీ, ఆ వ్యవధిలో నీళ్లు 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదనీ అనుకుంటే ఆ మిగులును దాచుకోవడానికి సుమారు 65 లీటర్ల బఫర్ ట్యాంక్ కావాలి. చిన్న చిన్న జోన్లుగా, అంటే విడివిడిగా తెరిచి మూసే భాగాలుగా, ఇంటిని ముక్కలు చేసినకొద్దీ ఈ ట్యాంక్ పెరుగుతూ పోతుంది. కాబట్టి ట్యాంకు కొనే ముందు జోన్లు కలపడానికి వీలుందా అన్నది చూడటం మంచిది.

స్నానపు నీళ్ల దగ్గర కొంత రాజీ తప్పదు. లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరగకుండా నిల్వ ట్యాంకును 60 డిగ్రీల దగ్గర ఉంచుతారు. దానికి బాయిలర్ అంతకన్నా వేడి నీళ్లు పంపాలి, ట్యాంకు వేడెక్కేకొద్దీ ఆ కాసేపు కండెన్సింగ్ తగ్గుతుంది. ఆ వేడి గదుల హీటింగ్‌కు పాకకుండా చూడటమే ఇక్కడ చేయగలిగింది. ట్యాంకు వేడెక్కేటప్పుడు గదుల పంపు ఆగి, అది పూర్తయ్యాక మళ్లీ హీటింగ్ కర్వ్ ప్రకారం తక్కువ ఉష్ణోగ్రతకు దిగాలి. ట్యాంకు లోపలి కాయిల్ పెద్దదైతే ఆ కాసేపు కూడా రిటర్న్ కొంత చల్లగా వస్తుంది.

ఆ చుక్కలు పడే డ్రెయిన్ విషయంలో చిన్న తప్పు పెద్ద ప్రమాదానికి దారితీస్తుంది. డ్రెయిన్ దగ్గరుండే ట్రాప్‌ను, అంటే నీళ్లు నిలిచి పొగను ఆపే వంపును, బాయిలర్ తొలిసారి వెలిగించక ముందే నీటితో నింపాలి. ఖాళీగా ఉంటే పొగ అందులోంచి ఇంట్లోకి వస్తుంది. పొగగొట్టం బాయిలర్ వైపు వాలుగా ఉండాలి. డ్రెయిన్ గొట్టం రాగిదో ఇనుముదో కాకుండా ప్లాస్టిక్‌ది కావాలి, గడ్డకట్టే చలి ఉన్న చోట వీలైనంత వరకు ఇంటి లోపలి నుంచే పోవాలి. ఆమ్లాన్ని తటస్థం చేయడానికి సున్నపురాయి ముక్కలున్న డబ్బా గుండా పంపితే ఆ ముక్కలు కరిగిపోతుంటాయి, అప్పుడప్పుడు కొత్తవి వేయాలి.

పని పూర్తయ్యాక పరీక్షకు పెద్ద పరికరాలు అక్కర్లేదు. బాయిలర్ రిటర్న్ పైపు మీద ఒక థర్మామీటర్, సెపరేటర్‌కు ఇంటి వైపున్న రిటర్న్ మీద ఇంకొకటి బిగించాలి. రెండూ ఒకే అంకె చూపించాలి. బాయిలర్ వైపుది ఎక్కువ చూపిస్తే వేడినీళ్లు ఎక్కడో అడ్డదారిన కలుస్తున్నాయి. ఆ తర్వాత డ్రెయిన్ గొట్టం కింద ఒక ప్లాస్టిక్ బకెట్ పెట్టి, గ్యాస్ మీటర్ అంకె రాసుకుని, ఒక రోజంతా వదిలేయాలి. ఒక ఘనపు మీటరు గ్యాస్‌లోని ఆవిరంతా నీరైతే సుమారు ఒకటిన్నర లీటర్లు రావాలి. అంతా ఎప్పుడూ రాదు. మీటరు 6 ఘనపు మీటర్లు తిరిగి బకెట్‌లో 5 లీటర్లు పడితే సగానికి పైగా ఆవిరి లోపలే నీరైందన్నమాట. బకెట్ అడుగున అర లీటరే ఉంటే మళ్లీ హీటింగ్ కర్వ్ దగ్గరికి, పంపు వేగం దగ్గరికి, గోడ వెనక ఎక్కడో మరిచిపోయిన ఆ పాత బైపాస్ దగ్గరికి వెళ్లాలి.